గంధకం చల్లిన గది

జూలై 3

ఎవరికీ చెప్పకూడదనుకున్న మాటను ఎక్కడో ఒకచోట దించుకోకపోతే నోరు ఊరుకోదు. అందుకే ఈ డైరీ.

నెల తప్పింది. అలసట వల్ల అయివుంటుంది. బడి తెరిచిన హడావిడి, ఎనిమిదో తరగతి సైన్సు మొత్తం నాదే, పైగా ఈ ఏడాది ల్యాబు బాధ్యత కూడా నా నెత్తినే పెట్టారు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చాక నెలలు అటూ ఇటూ అవడం మామూలే. దీని గురించి ఆలోచించను.

జూలై 5

ఆలోచించలేదు.

జూలై 7

నిన్న మందుల షాపుకి వెళ్లాను. మా వీధి చివరిదానికి కాదు. అక్కడ నేను తుమ్మితే సాయంత్రానికల్లా అత్తయ్య చెవిన పడుతుంది. బస్సెక్కి ముక్కూమొహం తెలియని పేటకు పోయి కొనుక్కొచ్చాను. ఈ పొద్దున చూసుకున్నాను. రెండు గీతలు వచ్చాయి.

ఈసారి ఎవరికీ చెప్పను. మొదటిసారి ఊరంతా చెప్పుకున్నాం. రెండోసారి ఇంట్లోవాళ్లకూ దగ్గరివాళ్లకూ మాత్రమే చెప్పాను. రెండుసార్లూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. పోవడం కన్నా ఆ చెప్పుకోవడమే కష్టమనిపించింది అప్పుడు.

ఆయనకు కూడా చెప్పను. ఆయన కరెంటు స్తంభాలెక్కే మనిషి. వానాకాలం, రోజూ ఎక్కడో ఒకచోట తీగ తెగుతూనే ఉంటుంది. అంత ఎత్తున ఉన్న మనిషి మనసులో ఇంకో ఆలోచన పెట్టకూడదు. ఆయన మంచికే.

చిన్నగది తలుపు ఇవాళ కూడా తెరవలేదు. మొదటిసారి, పుట్టబోయే బిడ్డ కోసమని ఆయన ఆ గదికి లేత పచ్చ రంగు వేశారు. రెండోసారి తర్వాత తన రాగి తీగ చుట్టలన్నీ తెచ్చి అందులో పడేశారు.

జూలై 11

లోహాలు, అలోహాలు మొదలుపెట్టాను. ఈ పాఠం చెప్పడం నాకు ఎప్పుడూ ఇష్టమే. బల్ల మీద మేకు, రాగి తీగ, సీసం ముక్క, బొగ్గు, గంధకం గడ్డ పెట్టి సుత్తి ఒక పిల్లాడి చేతికిచ్చాను. సీసం ముక్క దెబ్బ దెబ్బకీ రేకులా పరుచుకుంది. బొగ్గు మొదటి దెబ్బకే పొడై ముందు బెంచీవాళ్ల చొక్కాల మీద పడింది. కొడితే సాగేది లోహం, కొడితే చిట్లేది అలోహం. ఇక మర్చిపోరు.

ఒక అమ్మాయి ఉంది. ప్రతిదానికీ ఎందుకు ఎందుకు అంటుందని పిల్లలు దానికి ఎందుకమ్మ అని పేరు పెట్టారు. బ్యాటరీ, బల్బు మధ్యలో పెన్సిల్ ములుకు పెట్టి బల్బు వెలిగించి, ఇది లోహమేనా టీచర్ అని నిలదీసింది. కార్బన్ అలోహమే, కానీ ములుకులో ఉన్న గ్రాఫైట్ రూపంలో కరెంటును పోనిస్తుందని చెప్పాను. లోహాలు గట్టిగా ఉంటాయంటే సోడియాన్ని చాకుతో కోయవచ్చంటారు, ఘనంగా ఉంటాయంటే పాదరసం కారిపోతుందంటారు, అన్నిటికీ మినహాయింపులు ఉంటే ఇక సూత్రం దేనికి టీచర్ అంది. సూత్రం తెలిస్తేనే కదా మినహాయింపు కంటికి ఆనేది అన్నాను. క్లాసుకి నచ్చింది. దానికి నచ్చలేదు.

గంధకం కాల్చి చూపించే ప్రయోగం మానేశాను. గదిలో గాలి ఆడటం లేదని చెప్పాను.

జూలై 15

వాన. బడి వదిలాక స్టాఫ్ రూములో ఉండలేక ల్యాబులోనే కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నాను, బడి తెరిచిన దగ్గర్నుంచీ ఇదే అలవాటు. జల్లు కొడుతుందని కిటికీలు మూసేశాను. పైన వెంటిలేటరుకు అద్దం లేదు, అందులోంచి తుంపర పడుతూనే ఉంది. బాగుచేయించమని రెండేళ్లుగా అడుగుతున్నాం.

తలనొప్పి. నోట్లో ఇనుము నాకినట్టు ఉంటోంది. మొదటిసారి కూడా ఇలాగే ఉండేది కాబట్టి మంచిదే.

జూలై 19

వెంటనే రాయాలి. రాయాలి.

మధ్యాహ్నం ల్యాబులో పెన్ను జారి బల్ల కిందికి దొర్లింది. వంగి చేత్తో తడిమి తీశాను. తర్వాత చాక్‌పీసు పట్టుకుంటుంటే చూశాను, ఉంగరం తెల్లగా ఉంది. బంగారం మీద వెండి పూత పూసినట్టు. చున్నీతో తుడిచాను. పోలేదు.

బంగారం అలా తెల్లబడేది ఒక్కదాని వల్లే. పిల్లలకు ఏటా చెబుతాను, పాదరసం తగిలితే బంగారం దాన్ని పట్టేసుకుంటుందని.

మోకాళ్ల మీద కూర్చుని టార్చి వేశాను. నేల గచ్చు పగుళ్లలో ఆవగింజలంత చుక్కలు మెరుస్తున్నాయి. బల్ల కింది అరలో వెనకగా ఉన్న పాదరసం సీసాకి అడుగున పగులు. వేసవిలో సామాను ఈ గదిలోకి మార్చినప్పుడు దెబ్బ తగిలి ఉంటుంది. అప్పటి నుంచీ కారుతోంది. సరిగ్గా నా కాళ్ల దగ్గర.

ల్యాబు పెద్దాయన చీపురు తెచ్చారు. ఈయన వచ్చే ఏడాది రిటైరవుతారు, సీసాలు కడగడం, ప్రయోగాలకు సామాను పెట్టడం ఆయన పని. వద్దని అరిచినంత పని చేశాను. ఊడిస్తే చుక్కలు ఇంకా సన్నగా చిట్లుతాయి, ఇంకా ఎక్కువ ఆవిరి పైకి లేస్తుంది. కిటికీలన్నీ తెరిచి, ఇద్దరం బయటికి వచ్చి తాళం వేశాం. ఆయన చెయ్యి వణుకుతోంది. వయసమ్మా, ఈమధ్య ఇంతే అన్నారు.

వయసు కాదేమో.

జూలై 19, సాయంత్రం

ఆ వాసన లేని గాలిని ఎన్ని సాయంత్రాలు పీల్చాను?

జూలై 20

పొద్దున్నే హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్లాను. పిల్లలు ఆవిణ్ణి ఇనప్పెట్టె అంటారు. ఆవిడ బల్ల మీదికి వెళ్లిన సెలవు చీటీ మళ్లీ బయటికి రాదు మరి. అంతా విని, ముందు వచ్చేవారం తనిఖీ ఉందని గుర్తు చేశారు. ఈలోగా గది తాళం వేసి ఉంచుదాం, తనిఖీ అయ్యాక నెమ్మదిగా శుభ్రం చేయిద్దాం, తల్లిదండ్రుల దాకా వెళ్తే గోరంతలు కొండంతలవుతాయి అన్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. బడి పేరు ఆవిడకు కన్నబిడ్డ లాంటిది.

తలుపు కింది సందులోంచి ఆవిరి వరండాలోకి వస్తుందని చెప్పాను. ఆ వరండాలోనే ఒకటో తరగతి పిల్లలు చెప్పులు విప్పి కూర్చుంటారని చెప్పాను. కాస్త ఓపిక పట్టండి అన్నారు.

ఇక చెప్పక తప్పలేదు.

"మేడమ్, నేను కడుపుతో ఉన్నాను. బడి తెరిచిన దగ్గర్నుంచీ రోజూ ఆ గదిలోనే కూర్చున్నాను."

ఆవిడ కళ్లజోడు తీశారు. లేచి వెళ్లి తలుపు మూశారు. తిరిగి తన కుర్చీలో కాకుండా నా పక్క కుర్చీలో కూర్చున్నారు.

"ఇంట్లో తెలుసా?"

"తెలియదు."

"నాకు చెప్పావు గానీ మీ ఆయనకు చెప్పలేదా?"

ఇన్నేళ్లలో ఆవిడ నన్ను నువ్వు అనడం ఇదే మొదలు. నా జవాబు కోసం ఆగలేదు. ఫోను తీసుకుని మాట్లాడుతూనే ఉన్నారు. రసాయనాల ప్రమాదాలు చూసే ఆఫీసుకి, ఆసుపత్రికి, తనిఖీ వాళ్లకి. ల్యాబుతో పాటు ఆ వరండా వైపు గదులన్నీ మూయించారు. ల్యాబులో అడుగుపెట్టిన ప్రతి పిల్ల, పిల్లాడి ఇంటికీ ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసి, కింద తన సంతకమే పెట్టారు.

జూలై 21

రసాయనాల ఆఫీసువాళ్లు వచ్చారు. ముఖాలకు పెద్ద మాస్కులు, చేతులకు మోచేతుల దాకా తొడుగులు. నన్ను వరండా ఈ చివరే నిలబెట్టారు. కనిపించే చుక్కల్ని సన్నటి గొట్టాలతో పీల్చి సీసాల్లోకి తీసుకున్నారు. పీల్చలేని పగుళ్లలో గంధకం పొడి చల్లారు. పసుపుపచ్చటి నేల. అది పాదరసాన్ని పట్టుకుని మెల్లగా నల్లటి పొడిగా మారుతుంది, ఇక ఆవిరిగా లేవదు. లోహం, అలోహం కలిస్తే రెంటి గుణమూ లేని మూడోది పుడుతుందని తరగతిలో చెప్పే మాటే. చూస్తూ నిలబడితే మాత్రం పాఠంలా అనిపించలేదు.

పెద్దాయన తన కుర్చీ తెచ్చి నాకు వేశారు.

ఉంగరం కూడా మూత ఉన్న సీసాలో వేసి వాళ్లకే ఇచ్చాను. కంసాలికిస్తే తెలియక కాలుస్తాడు, ఆ ఆవిరి పీలుస్తాడు. వేలు బోసిగా ఉంది. ఇంటికెళ్తే ఆయన ముందు చూసేది అదే.

జూలై 22

చూశారు.

నిన్న భోజనాల దగ్గర, ఉంగరమేది అని అడిగారు. ఉంగరం దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేశాను. అత్తయ్య వింటోందో లేదో కూడా చూసుకోలేదు. చెప్పడం అయ్యాక, మీరు స్తంభాలెక్కే మనిషి కదా, మీ మనసు చెదరకూడదని దాచాను అన్నాను. నా చెవికే అది పిల్లలు హోంవర్కు తేనప్పుడు చెప్పే సాకులా వినిపించింది.

ఆయన కంచం పక్కకు జరిపారు. తర్వాత అన్నారు:

"తీగలో కరెంటు ఉందని తెలిస్తే జాగ్రత్తపడతాను. ఉండీ లేదనుకుంటేనే ప్రమాదం. నన్ను కాపాడాలంటే నాకు చెప్పాలి."

కోపం లేదు. దాంతో ఏడుపు వచ్చింది.

అత్తయ్య సంగతి వేరు. ఆవిడకు వీధిలో ఎవరింట్లో ఏం పొంగిందో, ఏం మాడిందో తెలుసు. "ఊళ్లోవాళ్లవన్నీ నాకు ముందే తెలుస్తాయి. నా ఇంట్లోది నాకు ఆఖర్న తెలిసింది. ఈ వయసులో నాకీ తలవంపులు దేనికే?" అంది. పాదరసం కన్నా అదే ఆవిడకు పెద్ద దెబ్బ. వేవిళ్లు కూడా లేకుండా దొంగలా తిరిగావని ఇప్పటికీ గొణుగుతోంది. గొణుగుతూనే నాలుగోసారి పాలు కాచి ఇచ్చింది.

జూలై 23

ఆయన సెలవు పెట్టారు. ఆసుపత్రి నుంచి వచ్చాక చిన్నగది తలుపు తీసి, తీగ చుట్టల్ని ఒక్కొక్కటే భుజాన వేసుకుని బయట షెడ్డులోకి మోశారు.

జూలై 25

రక్తం తీసుకున్నారు. అది సరే. ఇంకో పరీక్షకి ఒక పూర్తి పగలూ రాత్రీ వచ్చిన మూత్రమంతా చుక్క పోకుండా పెద్ద క్యానులో పట్టి ఇవ్వాలన్నారు. ఆ క్యాను స్నానాలగదిలో పెట్టాను. అత్తయ్య అది ఫినాయిల్ అనుకుని నేల కడగడానికి మూత తీసింది. ఆ తర్వాత ఆవిడ అన్న మాటలు రాయను. ఆయన నవ్వు ఆపుకోలేక పెరట్లోకి పరిగెత్తారు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో.

జూలై 27

డాక్టరమ్మ స్కాన్ చేసింది. గుండె కొట్టుకుంటోంది. గింజంత చోట్లో మినుకు మినుకుమంటోంది.

ఆయన చూసి నా భుజం పట్టుకున్నారు. నేను మాత్రం సంతోషించలేదు. రెండుసార్లూ ఇంతవరకూ వచ్చాం కదా. అదీగాక రిపోర్టు ఇంకా రాలేదు.

జూలై 28

రాలేదు.

జూలై 29

పాదరసం గురించి చదవకూడదని డాక్టరమ్మ చెప్పింది. చదవలేదు. కొంచెం చదివాను.

జూలై 30

పాఠం ముందుకు నడుపుతున్నాను, ఇప్పుడు కింది అంతస్తులో వేపచెట్టు వైపు గదిలో. మెగ్నీషియం తీగ కాల్చి బూడిదను నీళ్లలో కలిపితే ఎర్ర లిట్మస్ నీలమవుతుందని చూపే ప్రయోగాన్ని, నేను కిటికీ అవతల నిలబడి పెద్దాయన చేత చేయించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకమ్మ మాత్రం నా దగ్గరికి వచ్చి మెల్లగా, మీకు ఒంట్లో బాగుంటుందా టీచర్ అని అడిగింది. ఎందుకు అని అడగని ప్రశ్న దాని నోట ఇదే మొదటిసారి విన్నాను. బాగుంటుందని చెప్పాను.

నాకు తెలియదు.

ఆగస్టు 1

బాగుంది.

బాగుంది, బాగుంది.

రక్తంలో మామూలు మనుషుల్లో ఉండేంతే ఉందట. మూత్రంలో కొంచెం ఎక్కువ, అదీ హద్దు లోపలే. గది వదిలేశాను కాబట్టి దానంతటదే దిగిపోతుందట. ఆ మోతాదుకి బిడ్డ గురించి భయపడాల్సిన పని లేదని డాక్టరమ్మ చెప్పింది. ఇంకోసారి చెప్పమన్నాను. చెప్పింది. ఆయన కూడా ఇంకోసారి చెప్పమన్నారు. ముచ్చటగా మూడోసారి చెప్పి, బయట ఇంకా మనుషులు కూర్చున్నారమ్మా అంది.

అన్నాళ్లు మూసిన గదిలో కూర్చుని ఇంత తక్కువ ఎలా అని అడిగాను. గదికి ఎక్కడైనా గాలి పోయే దారి ఉందా అంది. అద్దం లేని వెంటిలేటరు! రెండేళ్లుగా తిట్టుకున్నాను దాన్ని. హెడ్మిస్ట్రెస్‌కి ఫోను చేసి చెప్పాను. బాగుచేయించనందుకు నన్నెవరైనా మెచ్చుకోవడం ఇదే మొదటిసారి అన్నారు.

పిల్లలందరి రిపోర్టులూ బాగున్నాయి. వాళ్లు ఆ గదిలోకి వచ్చిందే రెండు మూడుసార్లు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎదుటి సీటులో ఎవరో పరాయి మనిషి పత్రిక చదువుకుంటూ నిద్రపోయాడు. ఆ మనిషి మీద కూడా నాకు ప్రేమ కలిగింది.

ఆగస్టు 4

పెద్దాయనకు ఎక్కువే వచ్చింది. ఆయన ఆ గదిలో పొద్దున్నుంచీ ఉండేవారు. ఆసుపత్రిలో ఉంచి మందు ఇస్తున్నారు. ఒంట్లోని పాదరసాన్ని పట్టుకుని బయటికి పంపే మందట. చూసొచ్చాను. నన్ను చూడగానే తన సంగతి కాకుండా నా సంగతి అడిగారు. మంచిదని చెబితే కళ్లు మూసుకుని, హమ్మయ్య, నేనే రోజూ ఆ బల్ల తుడిచి అక్కడ కూర్చోమ్మా అనేవాణ్ణి అన్నారు. ఆయన ఇన్ని రోజులూ మోసింది అదన్నమాట. మీరు తుడిచింది బల్లనే గదా, సీసా పగలగొట్టలేదు గదా అన్నాను. ఆయన భార్య పక్కనుంచి, నేనూ అదే చెబుతున్నాను, చెవికెక్కించుకుంటేగా అంది.

ఆగస్టు 19

పెద్దాయన ఇంటికొచ్చేశారు. చెయ్యి నిలకడగా ఉందట. టీ కప్పు సాసరు మీద చప్పుడు కాకుండా పెట్టి నాకు చూపించారు. మళ్లీ ఎత్తి, మళ్లీ పెట్టారు. వయసు కాదమ్మా, నేనింకా కుర్రాణ్ణే అన్నారు.

ఆగస్టు 26

ఆ వారం దాటింది. ఏ వారమో రాయను. రెండుసార్లూ అక్కడే ఆగిపోయాం.

ఆయనకు తెలుసు. పొద్దున్న షేవింగ్ చేసుకుంటూ అద్దంలోంచి నన్ను చూశారు. నేను తల ఊపాను. చెంపకు నురగతోనే వచ్చి పక్కన కూర్చున్నారు.

సెప్టెంబరు 9

అత్తయ్యకు అనుమతి ఇచ్చాను. ఇన్నాళ్లూ ఆవిడ నోటికి తాళం వేసుకుని తిరగడం చూస్తే జాలేసేది. గుమ్మంలో పొరుగావిడ నిలబడితే చాలు, ఆవిడ పెదవులు బిగించి లోపలికి వచ్చేసేది. ఇవాళ, ఇక చెప్పుకోవచ్చత్తయ్యా అన్నాను. మంచి చీర కట్టుకుంది. కొత్త చెప్పులు వేసుకుంది. పొద్దున్న వెళ్లిన మనిషి సాయంత్రానికి గొంతు బొంగురుపోయి తిరిగొచ్చింది. ముఖం మాత్రం వెలిగిపోతోంది. మందుల షాపతనికి కూడా తెలియదటే, నేనే చెప్పాను అంది.

సెప్టెంబరు 22

మొన్న ల్యాబు తెరిచారు. పాత గచ్చంతా తవ్వి తీసి కొత్త నేల వేశారు. గాలి పరీక్షించి కాగితం ఇచ్చారు. కాగితం చూసినా నేను లోపలికి పోలేదు. రెండోరోజూ గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాను. మూడోరోజు హెడ్మిస్ట్రెస్ తన కుర్చీ ల్యాబులో వేయించుకుని, మధ్యాహ్నమంతా ఫైళ్లతో అక్కడే కూర్చున్నారు. నన్ను రమ్మనలేదు. నాకే సిగ్గేసి వెళ్లాను. వెళ్లాక గది గదిలాగే ఉంది. ఈసారి వెంటిలేటరుకు అద్దం బదులు ఫ్యాను పెట్టించారు. ఇనప్పెట్టె అని ఇక పిల్లల్ని అననివ్వకూడదు. నేనూ రాయకూడదు.

అక్టోబరు 15

ఇవాళ పరీక్షల ముందు పునశ్చరణ. లోహాల గుణాలన్నీ అయ్యాయి. అలోహాలకు వచ్చాను. "గ్రాఫైట్ తప్ప, అలోహాలు విద్యుత్తును..." అన్నంతవరకూ అన్నాను.

లోపల ఏదో కదిలింది. నీళ్లలో చేప తోకతో కొట్టినట్టు, చిన్నగా, ఒక్కసారి.

అలాగే నిలబడిపోయాను. చాక్‌పీసు బోర్డు మీదే ఉంది. పిల్లలు చూస్తున్నారు. ముందు బెంచీలోంచి ఒకడు నాకు సాయం చేద్దామని, "ప్రసరింపనివ్వవు" అన్నాడు.

"అందరూ చెప్పండి" అన్నాను.

అందరూ చెప్పారు. నేను కదలకుండా లోపలికి వింటూ ఉన్నాను. ఏమీ లేదు.

"ఇంకోసారి."

చెప్పారు. ఏమీ లేదు. వెనక బెంచీల్లో నవ్వు మొదలైంది.

"ఇంకోసారి, గట్టిగా."

అలోహాలు విద్యుత్తును ప్రసరింపనివ్వవని క్లాసంతా ఒక్క గొంతుతో, పక్క క్లాసు టీచరు తొంగి చూసేలా అరిచింది. ఆ అరుపు మధ్యలో మళ్లీ కదిలింది.

చాలు, కూర్చోండి అన్నాను. వాళ్లు ఎప్పటి నుంచో కూర్చునే ఉన్నారు. నేనే కూర్చున్నాను.